రెండయ్యే ముందు

మా రేచల్‌ని రెండు చోట్ల వద్దన్నారు. గిద్దలూరులో ఒక కాలేజీ వాళ్లు "అమ్మాయి బాగా స్లో" అన్నారు. కంభంలో ఇంకొక కాలేజీ వాళ్లు "పాఠం మధ్యలో ఆగి ఆలోచిస్తే పిల్లలు నిద్రపోతారమ్మా" అని చెప్పి పంపేశారు. ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టు క్లాసులో పాసైన పిల్ల. మూడో కాలేజీ మార్కాపురంలో. సోమవారం పొద్దున పదింటికి రమ్మన్నారు. పిల్లల ముందు ఇరవై నిమిషాలు పాఠం చెప్పించి చూస్తారు. డెమో అంటారు దాన్ని.

ఇది కూడా పోతే ఇక పాఠాలు చెప్పే పని మాట ఎత్తనని, ఒంగోలులో మందుల దుకాణంలో బిల్లులు కొట్టే పనికి పోతానని రేచల్ శనివారమే చెప్పేసింది. ఏడుస్తూ చెప్పి ఉంటే నాకంత భయం వేసేది కాదు. అన్నం కలుపుకుంటూ చెప్పింది.

ఆ స్లో అన్న మాట నాకు తగిలినంతగా దానికి తగల్లేదు. ఆ గుణం నా దగ్గర నుంచే వచ్చిందని నాకు తెలుసు.

నేను రాయి చీల్చే మనిషిని. మార్కాపురం పక్కన నేలలో నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని దిమ్మలుగా తెచ్చి షెడ్డులో వేస్తారు. దిమ్మ అంచున పల్చటి ఉలి పెట్టి సుత్తితో మెల్లగా కొడితే పొర విడుతుంది. ఒకప్పుడు వాటితో బడి పలకలు చేసేవాళ్లం. ఇప్పుడు పలక పట్టే పిల్లలు ఎక్కడున్నారు? అదే రాయి గచ్చు బిళ్ళలై, గోడ బిళ్ళలై ఎటో ఓడలెక్కిపోతోంది. మా నాయన కూడా ఇదే పని చేసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని నలభై నాలుగేళ్లకే మంచం పట్టాడు. నేను ఆరో తరగతి సగంలో బడి మానేసి ఆయన సుత్తి అందుకున్నాను. దేశం మొత్తానికి పలకలు పంపిన ఊళ్లో మా వాడలో సగం మందికి అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. ఈ సంగతి ఎవరికీ సిగ్గుగా అనిపించినట్టు లేదు.

నా పద్ధతి ఒకటుంది. ఉలి పెట్టే ముందు దిమ్మని నాలుగు పక్కలా తట్టి చెవి ఒగ్గి వింటాను. కంగుమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల కంటికి కనపడని పగులు ఉన్నట్టు. అట్లాంటి దిమ్మకి ఉలి పెట్టను, పక్కన పెట్టేస్తాను. మిగతావాళ్లు ముప్పై దిమ్మలు చీల్చే పొద్దుకి నావి ఇరవై అవుతాయి. షెడ్డులో నాకు డాక్టరని పేరు పెట్టారు. "డాక్టరుగారూ, రాయికి జరమొచ్చిందా? సూది పొడుస్తావా, గోళీ ఇస్తావా?" అని ఎన్నేళ్లు నవ్వారో. యజమాని రంగనాయకులు గారు కూడా, "ఏసురత్నం, అందరి చేతులు నడుస్తాయి, నీ చేతులు పాకుతాయి గదరా" అనేవాడు. ఆయన పోయాక కొడుకు ఫణికృష్ణ షెడ్డు ఎత్తేసి ఆ స్థలంలోనే కాలేజీ పెట్టాడు. నేను వేరే షెడ్డుకి మారాను. సోమవారం డెమో ఆ కాలేజీలోనే.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, రేచల్ వసారాలో పాఠం పెట్టింది. గోడకి ఆనించిన గచ్చు బిళ్ళే దాని బోర్డు. నేనూ, నా భార్య ప్రేమకుమారీ పిల్లలం. ప్రేమకుమారి చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది.

రేచల్ మొదలుపెట్టింది. కణం అంది, కణ విభజన అంది, ప్రొఫేజ్ అంది, మెటాఫేజ్ అంది, గుండ్రాలు గీసింది, గీతలు గీసింది, ఒక గుండ్రాన్ని రెండు చేసేసింది. వేలంపాట పాడే వాడికి కూడా అంత వేగం ఉండదు. స్లో అన్నారని ఊపిరి కూడా పీల్చుకోకుండా చెప్తోంది పిల్ల.

"ఆగు తల్లీ," అన్నాను. "ఒక డౌటు."

"ఏంది నాయనా?"

"అంగుళం దిమ్మని రెండుగా చీలిస్తే అరంగుళం బిళ్ళలు వస్తాయి. దాన్ని చీలిస్తే పావు. ఇంకా చీలిస్తే చేతిలో పొడి మిగులుతాది. నువ్వేమో మనిషి ఒళ్లంతా కణాలు చీలీ చీలీ అయ్యిందంటావు. అట్లయితే మనం ఈపాటికి పిండి అయిపోవాల గదా?"

ప్రేమకుమారి చేట ఆపింది. "ఆయనకి అన్నీ రాళ్లే."

రేచల్‌కి కోపం వచ్చింది. "రాయి వేరు, కణం వేరు నాయనా. నీకు అర్థం కాదులే," అంది.

ఆ మాట నేను జీవితంలో చాలామంది దగ్గర విన్నాను. కూతురి దగ్గర వినడం అదే మొదలు. లేచి బీడీ ముట్టించుకుందామని వాకిట్లోకి పోయాను. అగ్గిపుల్ల ఇంకా గీయకముందే వెనకాలే వచ్చింది.

"నాయనా, కోపమొచ్చిందా?"

"లేదు."

"నువ్వు అడిగిందే అసలు పాఠం. దాన్నే నేను ఎగరగొట్టేసినా. రా, కూర్చో."

ఈసారి బోర్డు దగ్గరికి పోలేదు. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కణం చీలేది గంట పని. చీలే ముందు దానికి ఇరవై మూడు గంటల పని ఉంటాది."

"ఏం చేస్తాది అంతసేపు? పండుకుంటాదా?"

"పాత పుస్తకాల్లో అట్లనే రాసినారు, విశ్రాంతి దశ అని. మైక్రోస్కోపులో చూస్తే ఏమీ కదిలినట్టు కనపడదు, అందుకని. కానీ ఒంట్లో అంత పని చేసే టైము ఇంకోటి లేదు. మొదట తింటాది, పెరుగుతాది. కావాల్సిన సామానంతా లోపలే తయారు చేసుకుంటాది. తర్వాత ఆగి చూసుకుంటాది. నా సైజు చాలిందా? తిండి ఉందా? పక్క కణాలు నన్ను చీలమంటున్నాయా, వద్దంటున్నాయా? ఏదన్నా తక్కువైతే అక్కడే నిలబడిపోతాది."

"నిలబెట్టేది ఎవరు? లోపల మేస్త్రీ ఉన్నాడా?"

"మేస్త్రీ లేడు. దానికదే. కొన్ని ప్రోటీన్లు కాపలా ఉంటాయి. అవి సరే అంటేనే ముందుకి పోతాది. పోయి, డీఎన్‌ఏని కాపీ చేసుకుంటాది. డీఎన్‌ఏ అంటే మనిషి ఎట్ల ఉండాలో రాసి పెట్టిన దారం అనుకో. ఒక్క కణంలో ఉండే దారాలన్నీ కలిపి సాగదీస్తే రెండు మీటర్లు."

"రెండు మీటర్లా!" అంది ప్రేమకుమారి. "రెండు జాకెట్లు కుట్టి, చేతులకి పైపింగు కూడా మిగులుద్ది."

ముగ్గురం నవ్వాము. నాకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. "అంత దారం కాపీ కొట్టేటప్పుడు యాడో ఒక చోట తప్పు పడదా?"

"పడతాది. అందుకే చీలబోయే ముందు ఇంకోసారి ఆగి మొత్తం చూసుకుంటాది. తప్పు ఉంటే బాగుచేసుకుంటాది."

"బాగుకాకపోతే?"

"దానంతట అదే చచ్చిపోతాది నాయనా. చెడిపోయిన కాపీని బిడ్డ కణాలకి ఇవ్వకుండా."

నా ఒంట్లో, ఈ దుమ్ము కొట్టుకుపోయిన ఒంట్లో, ఇంత నిదానంగా, ఇంత మర్యాదగా ఒక పని జరుగుతోందని యాభై ఏళ్లొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. ఇరవై మూడు గంటలు చూసుకోవడం, ఒక గంట చీల్చడం. నన్ను పాకుతావన్న వాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"రేపు ఇదే చెప్పు," అన్నాను.

రేచల్ తల అడ్డంగా ఊపింది. "వాళ్లకి కావాల్సింది స్పీడు నాయనా. బొమ్మలు గీసి చకచకా దిగిపోతే చాలు. ఈ ముందు కథంతా పెట్టుకుంటే ఇరవై నిమిషాలు దీనికే అయిపోతాయి."

"నీ ఇష్టం తల్లీ," అన్నాను. పైకి అన్నాను అంతే.

పొద్దున్నే టీవీఎస్ బండి మీద తీసుకుపోయాను. కాలేజీ గేటు దగ్గర అటెండరు జాన్సన్ నన్ను గుర్తుపట్టాడు. మా వాడ పిల్లగాడే, షెడ్డులో నాలుగేళ్లు నాతో పనిచేశాడు.

"డాక్టరు మామా! ఏంది, కాలేజీలో చేరతావా?"

"నేను కాదురా. మా రేచల్ డెమో."

"అట్లనా! రా, ఈ కిటికీ దగ్గర నిలబడు. లోపల అంతా కనపడతాది. సార్ చూస్తే మాత్రం నేను పిలవలేదని చెప్పాల."

క్లాసులో నలభై మంది పిల్లలు. ఆఖరి బెంచీలో ఇద్దరు. ఒకరు ఫణికృష్ణ, తెల్ల చొక్కా, చేతిలో ఫోను. రెండో ఆవిడ ప్రిన్సిపాల్ విశాలాక్షి గారు, తల నెరిసిన మనిషి, జువాలజీ ఆవిడే చెప్తుందని జాన్సన్ అన్నాడు.

రేచల్ బోర్డు ముందు నిలబడింది. ఏ బొమ్మా గీయలేదు.

"మీలో ఎంతమంది ఇళ్లల్లో మన ఊరి గచ్చు బిళ్ళలు ఉన్నాయి?" అని అడిగింది.

అందరి చేతులూ లేచాయి.

"అంగుళం రాయిని రెండుగా చీలిస్తే?"

"అరంగుళం!"

"దాన్ని మళ్లీ చీలిస్తే?"

"పావు!"

"పుట్టినప్పుడు మీరు మూడు కిలోలు. ఇప్పుడు యాభై కిలోలు. మీ కణాలు చీలుతానే ఉన్నాయి. రాయిలాగ చీలి ఉంటే ముక్కలు ఎన్ని అయినా మీరు ఇప్పటికీ మూడు కిలోలే ఉండాల. ఎందుకు లేరు?"

నలభై మంది నిజంగానే ఆలోచిస్తున్నారు. ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి లేచి, "చీలే ముందు పెరుగుతాది మేడమ్!" అంది.

నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను.

అక్కడి నుంచి మా రేచల్ నడిచింది. పరిగెత్తలేదు, పాకలేదు, నడిచింది. పెరగడం చెప్పింది, ఆగి చూసుకోవడం చెప్పింది. తర్వాత దారాల దగ్గరికి వచ్చింది. మనిషి కణంలో క్రోమోజోములని నలభై ఆరు దారాలు ఉంటాయని బోర్డు మీద 46 వేసింది. కాపీ అయ్యాక అని బాణం గీసి, పక్కన 92 వేసింది. చీలే ముందు రెండోసారి చూసుకోవడం గురించి చెప్తూ రెండు వాక్యాలు ముందుకి పోయింది.

ఆగిపోయింది.

బోర్డు వైపు తిరిగి చూస్తూ నిలబడింది. గిద్దలూరులో ఇట్లాగే, కంభంలో ఇట్లాగే. ఫణికృష్ణ గడియారం చూసుకున్నాడు. పోమ్మా, ముందుకి పో, అని లోపల్లోపల గొణుక్కున్నాను. జీవితమంతా నిదానంగా ఉండమని చెప్పినవాణ్ణి, ఆ క్షణంలో నా నోటికి వచ్చిన మాట అది. ఒప్పుకుంటున్నాను.

"నేనొక తప్పు రాసినాను," అంది రేచల్. అరచేత్తోనే 92 తుడిచేసింది. "దారం కాపీ అయిన మాట నిజం. డీఎన్‌ఏ రెట్టింపు అయిన మాట నిజం. కానీ కాపీలు రెండూ నడుము దగ్గర అతుక్కునే ఉంటాయి. విడిపోయేదాకా ఆ జంటని ఒకటిగానే లెక్కపెట్టాల. కాబట్టి ఎన్ని?"

"నలభై ఆరు!"

మళ్లీ 46 వేసింది. అప్పుడు ఫణికృష్ణ లేచాడు.

"అమ్మా, ఒక్క మాట. డెమోలోనే తప్పు రాస్తే ఎట్ల? సరే, రాసినావు. అట్లనే పోయుంటే సరిపోయేది గదా? నాకైతే తెలియనే తెలియలేదు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

రేచల్ అరచేతి పొడి దులుపుకుని ఆయన వైపు తిరిగింది. "తెలియకుండా పోవడమే ప్రమాదం సార్. కణం ఇక్కడ ఆగకపోతే ఆ తప్పు రెండు కణాల్లోకి పోతాది. రెండు నాలుగైతే నాలుగింట్లోకీ పోతాది. నేను ఆగకపోతే రేపు పరీక్షలో ఈ నలభై మంది తొంభై రెండని రాస్తారు."

"అసలు ఆగడమే మానేసిన కణాలు ఉంటే?" విశాలాక్షి గారు కూర్చున్న చోటు నుంచే అడిగింది.

"వాటి గుంపునే క్యాన్సర్ అంటాం మేడమ్."

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. మొహంలో ఏమీ కనపడలేదు. డెమో అయిపోయింది.

రేచల్‌ని వరండాలో కూర్చోమన్నారు. ఫణికృష్ణ బయటికి వస్తూ నన్ను చూశాడు. షెడ్డులో చిన్నప్పుడు నా పక్కన కూర్చుని రాతిముక్కలతో ఆడుకున్నవాడే.

"ఏసురత్నం! నువ్వేంది ఇక్కడ?"

"ఆ పిల్ల నా కూతురు సార్."

"అవునా! ముందే చెప్పుంటే అయిపోయేది గదయ్యా."

"చెబితే నా మొహం చూసి తీసుకుందురు. లేదంటే నా మొహం చూసి వద్దందురు. రెండూ నాకు వద్దు సార్."

ఆ మాట అనేసి నాకే ఆశ్చర్యమైంది. ఆయన ముందు, వాళ్ల నాయన ముందు, ముప్పై ఏళ్లలో నేను అంత పొడుగు మాట మాట్లాడలేదు. ఆయన కోప్పడలేదు కానీ గడ్డం గోక్కున్నాడు. "తెలివి ఉంది, కాదనను. కానీ మధ్యలో ఆగుతాది. సిలబస్ అవ్వాల గదా. పక్క కాలేజీల్లో డిసెంబరుకే అవగొట్టేస్తున్నారు."

"ఆగి చూసుకుని పోతాది సార్," అన్నాను. "పోకుండా కూర్చోదు."

విశాలాక్షి గారు వచ్చింది. "ఫణి గారూ, మనమిద్దరం చూసింది ఎట్లాగూ సరిపోదు. ఫస్టియర్ బి సెక్షన్‌కి నెల నుంచి జువాలజీ లేదు. ఈ పాఠమే మొదలు కూడా పెట్టలేదు. ఈ అమ్మాయిని ఇప్పుడే పంపుదాం. మనం లోపలికి పోవద్దు. గంట అయినాక నేను పిల్లల్ని అడుగుతా. వాళ్లకి వస్తే తీసుకుందాం, రాకపోతే లేదు."

"మీ ఇష్టం మేడమ్," అన్నాడు ఫణికృష్ణ. "కానీ పాఠం మొత్తం అవ్వాల."

రేచల్ నా వైపు ఒకసారి చూసి, రెండు చాక్‌పీసులు తీసుకుని, మేడ మెట్లెక్కింది.

నేను షెడ్డుకి పోవాలి. పోలేదు. కింద వరండాలో నిలబడితే పైనుంచి మాటలు తెలియవు, చప్పుళ్లే తెలుస్తాయి. మొదట బెంచీల చప్పుడు, గోల. తర్వాత గోల తగ్గింది. కాసేపటికి ఒక్కసారిగా యాభై గొంతులు కలిసి ఏదో అంకె అరిచాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆగిపోయిందేమోనని మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాను. మళ్లీ నవ్వులు. మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో ఆదివారం దాకా నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

జాన్సన్ గంట కొట్టాడు. మిగతా గదుల నుంచి పిల్లలు బిలబిలమని దిగారు. బి సెక్షన్ నుంచి ఒక్కరూ రాలేదు.

"మామా, గంట వినపడలేదేమో," అన్నాడు జాన్సన్. "ఇంకోసారి కొట్టనా?"

"కొట్టకు," అంది వెనక నుంచి విశాలాక్షి గారు. ఆవిడ మెట్లెక్కుతుంటే, ఎవరూ రమ్మనకపోయినా నేనూ రెండు మెట్లు కింద నుంచి ఎక్కాను. ఆవిడ గుమ్మంలో నిలబడి పిల్లల్ని అడిగింది. విడిపోయే ముందు క్రోమోజోములు ఎన్ని? నలభై ఆరు. తొంభై రెండు ఎందుకు కాదు? ఒక పిల్లవాడు లేచి, రెండు చేతులూ మణికట్టు దగ్గర కలిపి చూపించి, "అతుక్కుని ఉన్నాయి మేడమ్, ఇంకా విడిపోలేదు," అన్నాడు. కాపీ చెడిపోతే? ఆగుతాది, బాగుచేసుకుంటాది, కాకపోతే చచ్చిపోతాది. ఎవరు చెప్పారో తెలియనంతగా అందరూ చెప్పారు. ప్రొఫేజ్, మెటాఫేజ్, మిగతావి? అవి కూడా చెప్పారు, వరసగా.

విశాలాక్షి గారు వెనక్కి తిరిగి, మెట్ల కింద నిలబడిన ఫణికృష్ణకి వినపడేట్టు అంది: "పాఠం మొత్తం అయింది సార్."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయితే కాగితాలు తయారు చేయించండి మేడమ్," అన్నాడు. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో దించేసుకున్నాడు. పనివాడి భుజం తట్టినట్టు తట్టకపోవడం నాకు నచ్చింది.

రేచల్ బయటికి వచ్చింది. ముక్కు మీద, జుట్టులో, చీర కుచ్చిళ్ల మీద చాక్‌పీసు పొడి. పది మంది పిల్లలు ఇంకా ఏవో అడుగుతూ వెంట వస్తున్నారు. నన్ను చూసి నవ్వబోయి, పిల్లల ముందు మేడమ్ కదా, ఆపుకుంది.

"నాయనా, నువ్వు పో. నాకు మధ్యాహ్నం ‘ఎ’ సెక్షన్‌లో కూడా క్లాసు ఉందంట."

"తినకుండానా?"

"మేడమ్ టిఫిన్ బాక్సు ఉందంట. సాయంత్రం నేనే బస్సుకి వస్తాలే."

నేను తల ఊపాను. బండి తీసి గేటు దాటాను. పొద్దున ఇద్దరం వచ్చిన బండి మీద ఒక్కణ్ణే పోతూ, వెనక సీటు ఖాళీగా ఉండడం ఇంత బాగుంటుందని అనుకోలేదు. షెడ్డు ముందు ఆపి దిగాను. పొద్దు నెత్తి మీదికి వచ్చింది.

"ఏం డాక్టరూ, సగం రోజు ఎగరగొట్టినావు! ఎవరికి జబ్బు?" అని అరిచారు లోపల నుంచి.

"ఎవరికీ లేదురా," అన్నాను. "మా పిల్ల మార్కాపురంలో లెక్చరర్."